ముగ్గుతో గీసిన పార్కు

"అక్కా, ఆదివారం రావే. మా కల్లం జాగ కాపాడుకునేటందుకు అందరం కూడుతున్నం" అని మా చిన్నమ్మ బిడ్డ గంగామణి ఫోన్ చేసింది. ఆమెది ఆర్మూర్‌ల బట్టలు కుట్టే దుకాణం. మా కరీంనగర్ కాలనీల పిల్లలు ఆడుకునే జాగ చూస్తుండంగనే ఇండ్లయిపోయింది. జాగ పోకముందే కూడే మనుషులు ఎట్లుంటరో చూద్దామని సంచి సర్దిన.

శనివారం పొద్దుగాల ఏడింటికే బస్టాండ్‌ల ఉన్న. ఏడుంబావు ఎక్స్‌ప్రెస్ ఎనిమిదికి కదిలింది. ఆడోళ్లకు జీరో టికెట్. ఆధార్ కార్డు చేతుల పట్టుకొనే ఎక్కుండ్రి, నా తీరు సంచి అడుగున పెట్టి దేవులాడకుండ్రి. కండక్టర్ ఏమనలేదు గని వెనకున్నోళ్లు మస్తు మొత్తుకున్నరు. జగిత్యాల దాక నిలబడే పోయిన.

జగిత్యాలల సీటు దొరికింది. పక్కన కోరుట్లకు పోయే పెద్దమ్మ.

"ఏడిదాకనే బిడ్డా?"

"ఆర్మూర్ దాక, పెద్దమ్మా. జాగ చూడనీకి."

"ప్లాటా? గజం ఎంతట?"

"కొననీకి గాదు. ఎవ్వలు కొనకుండ చేసుడెట్లనో చూడనీకి."

ఆమె నన్ను ఎగాదిగా చూసి, సర్వపిండి ముక్క తుంచి చేతుల పెట్టింది. "తిను, పొద్దుగాల సంది ఏం తిననట్టున్నవ్" అన్నది. ఆకలితోని మాట్లాడుతున్న అనుకున్నదో ఏమో. సర్వపిండి మాత్రం కమ్మగుంది.

మెట్‌పల్లి దాటినంక కిటికీలకెళ్లి ఉడికిన పసుపు వాసన తగిలింది. శివరాత్రి పోయి ఎండలు ముదిరే దినాలు. పసుపు తవ్వి, డ్రమ్ములల్ల ఉడకబెట్టి, పక్షం రోజులు ఎండబోస్తరు. పదకొండున్నరకు ఆర్మూర్‌ల దిగిన. బస్టాండ్ కాడ లాడ్జిలున్నయ్, ధర నేను అడగలేదు. చెల్లె ఇల్లుండంగ లాడ్జిల పంటే మా చిన్నమ్మ పైనుంచి తిడ్తది.

సాయంత్రం గంగామణి జాగ చూపించింది. ఊరి కొసకు, నల్లరాళ్ల గుట్ట కనపడే దిక్కు, చదునుగ గట్టిపడ్డ సర్కారు నేల. సొంత కల్లం లేనోళ్లు పసుపు, మక్కలు గీడనే ఎండబోసుకుంటరు. మిగిలినంత మేర పిల్లల క్రికెట్. ఇంకో దిక్కు వరుసగ నాలుగు రాతి కడీలు, ప్లాటుకు హద్దు పెట్టినట్టు, పాతి ఉన్నయ్. పోయిన వానకాలం ఎవలు లేంది చూసి పాతిండ్రట. ఎవలు పాతిండ్రంటే ఎవలు చెప్పరు.

"ముందుగాల చూసింది నర్సవ్వ చిన్నమ్మనే. ఇంటింటికి తిరిగి అందరిని పిలుచుకొచ్చింది" అన్నది గంగామణి. గంగామణి వరుసకు చిన్నమ్మ అని పిలిచే నర్సవ్వ ఎకరం కౌలుకు పట్టి పసుపు పెడ్తది. అరవై దాటిన మనిషి. జాగను పార్కు చెయ్యాలె అని అందరికంటే గట్టిగ కొట్లాడింది గామెనే. పార్కని కాయితాలకెక్కితే ఇగ ఎవ్వలు ముట్టరు.

ఆదివారం ఏడు గొట్టంగ పోతే ముప్పై నలభై మంది ఉన్నరు. లింబాద్రి సారు, రిటైరైన డ్రిల్లు మాస్టరు, ప్లాన్‌ను ఫ్లెక్సీ మీద అచ్చేయించి తెచ్చిండు. అందరు దాన్ని చూసి తలలూపిండ్రు. తలలూపుడు చూస్తె నాకు తెలిసిపోయింది, ఒక్కలకు సమజ్ కాలేదు. గంగామణి ఊకోలేదు. "సారూ, గిది ముగ్గుతోని నేల మీదనే గీద్దం, నిజంగ ఎంతుంటదో గంత" అన్నది. ఆడోళ్లు బకెట్లల్ల ముగ్గు పట్టిండ్రు, సారు తాడు పట్టిండు. గంటసేపట్ల కంచె, గేటు, చెట్లు, నడిచే బాట అన్నీ నేల మీదికొచ్చినయ్. అందరు ఆ తెల్లగీతల నడుమ నడుచుకుంట, "గిది మా బెంచి" అని పరాచికాలాడుకుంట తిరిగిండ్రు. నేను సుత ఒక సుట్టు తిరిగిన. సంబురమైంది.

నర్సవ్వ ఒక్కకాడ ఆగింది. ఏండ్ల సంది ఎండబోసి అక్కడ మన్ను పసుపు పట్టి ఉన్నది.

"సారూ, గీడ ఏమొస్తది?"

"నడిచే బాట, అవ్వా."

"నేను ఎండబోసేది గీడనే."

సారు టోపీ తీసి తల గోక్కున్నడు. పార్కయినంక పంట ఎండబోసుడు కుదరదని మున్సిపల్ దఫ్తర్‌ల ముందే చెప్పిండ్రట. ఆ సంగతి అందరికి ఎరికే, నర్సవ్వకు సుత ఎరికే. ఫ్లెక్సీ మీద గది ఉత్త గీత. నేల మీద మాత్రం నర్సవ్వ పసుపు మీదికెళ్లి బాట పోతున్నది.

"మరి వచ్చే ఏడు ఏడ పోస్తవ్, చిన్నమ్మా?" గంగామణి అడిగింది.

"రోడ్డు మీద పోస్త. ఇంకేడ పోస్త?"

సారు టోపీ మల్ల పెట్టుకొని, "పార్కు కావాల్నన్నోళ్లు చెయ్యి లేపుండ్రి" అన్నడు. నర్సవ్వ లేపింది. చుట్టు చూసింది. ఇంకొక్క చెయ్యి లేవలేదు.

ఆమెకు మండిపోయింది. "నిన్నటిదాక పార్కు పార్కని మొత్తుకున్నరు గద! పార్కయితే నాసొంటి పదిండ్లకే నష్టం. జాగ పోతే ఊరందరికి నష్టం. గీ లెక్క సుత రాదా మీకు?"

"నిన్ను రోడ్డు మీదికి పంపి మేం గీడ ఎట్ల నడుస్తం?" అన్నడు సారు.

"నన్ను చూసి అయ్యో అంటే కడీలు ఆగుతయా? వానకాలం నాలుగు నెల్లు ఎవలుంటరు గీడ?"

సారు తాడు సుట్టుకుంట, "పొద్దుగాల కావలికి నేనొస్త" అన్నడు. "సాయంత్రం నేను" అన్నది గంగామణి. అటెన్క ఒక్కొక్కలు వంతులు చెప్పిండ్రు. నర్సవ్వ మెత్తబడలేదు. "ఒక్క వానకాలం చూస్త. ఇంకొక్క కడీ కనపడ్డా, నేనే పోయి పార్కని రాయించుకొస్త" అని కొంగు దోపుకొని చేనుకు పోయింది.

పగటీలి జొన్నరొట్టె, అంకాపూర్ నాటుకోడి కూర. గంగామణి బలవంతం చేసింది గని నాకు సగమే దిగింది. రెండింటి బస్సుకు ఎక్కిన, కిటికీ సీటు దొరికింది. ఆర్మూర్ పోవాల్నంటే పసుపు ఎండే గీ దినాలల్లనే పోండ్రి, నీళ్ల సీసా మాత్రం మరువకుండ్రి. నాకైతే దారి పొడుగున నర్సవ్వ మీద కోపమే ఉన్నది. ఆమె చెప్పింది నిజమైనందుకే ఆ కోపం. మనిషిని కాపాడబోతే జాగ పోయేటట్టున్నది, జాగను కాపాడబోతే మనిషి రోడ్డు మీద పడేటట్టున్నది.

మెట్‌పల్లి ఇంక రాకముందే బస్సు నెమ్మదించింది. సగం రోడ్డు మీద పసుపు ఎండబోసి ఉన్నది. ఒక ముసలామె చీపురు పట్టుకొని, లారీ చక్రాలు చెదరగొట్టిన కొమ్ములను మల్ల లోపలికి ఊడుస్తున్నది.

"ఏం చేస్తరమ్మా, ఎండబోసుకునేటందుకు జాగ ఏడున్నది?" అన్నడు కండక్టర్.

ఆర్మూర్‌ల ఉన్నది అని నాలిక కొస దాక వచ్చింది. గీ వానకాలం దాటనీ, అప్పుడు చెప్త అనుకొని ఊకున్న.