మా అన్న ఫిల్ములో తాయెత్తు

పదిహేనేళ్ళుగా నరసరావుపేటలో ఎక్స్‌రేలు తీస్తున్నాను. రోజూ మనుషుల ఎముకలు చూసేవాణ్ణి, దయ్యాల మాట ఎత్తితే నవ్వేవాణ్ణి. మాది చర్చికి వెళ్ళే కుటుంబం, తాయెత్తులు కట్టే అలవాటే లేదు. ఇది చదివి నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి.

పోయిన ఎండాకాలం ముప్పాళ్ళ వైపు నుంచి ఒక పెద్దాయన నడుం నొప్పితో వచ్చాడు. మూత్రంలో రాళ్ళకు ఎక్స్‌రే తీసేటప్పుడు మొలతాడు తీసెయ్యాలి. దానికున్న తాయెత్తు ఫిల్ము మీద పడుతుంది. ఆయన ససేమిరా అన్నాడు.

"బతికుండంగానే మొలతాడు తెంపుతావా అయ్యా? అది పోయినోళ్ళకి గదా తెంపేది!"

బయట జనం. నాకు చిరాకు. కాస్త పైకి జరిపినా సరిపోయేది, అదీ చెయ్యలేదు. "సరే, పడుకో తాతా" అని తీసేశాను. ఒక కొస నొక్కుకుపోయిన వెండి తాయెత్తు కుడివైపు పొత్తికడుపు మీద తెల్లగా పడింది. రాయి కనపడలేదని రిపోర్టు వెళ్ళింది.

నెల తిరక్కుండా ఆయన పోయాడు. గుంటూరులో సీటీ స్కాన్ తీస్తే తాయెత్తు పడిన చోటే రాయి ఉందట, అప్పటికే చీము పట్టిందట. ఆయన కొడుకు వచ్చి చెప్పాడు. తప్పు నాదని అనడానికి నోరు రాలేదు.

ఈ ఏడు మిరప కోతలప్పుడు బెల్లంకొండ నుంచి మా అన్న వచ్చాడు. మూడు రోజులుగా కుడిపక్క నొప్పి, పైగా జ్వరం. నేనే ఎక్స్‌రే తీశాను. తెర మీద చూసి అడిగాను.

"ఏందన్నా, తాయెత్తు ఎప్పుడు కట్టావ్?"

"నీకేమన్నా పిచ్చా? మీ వదిన కాళ్ళిరగ్గొడద్ది!" అంటూ చొక్కా ఎత్తి చూపించాడు. ఏమీ లేదు.

తెర మీద మాత్రం ఉంది. అదే తాయెత్తు, కొస నొక్కుకుపోయి. బల్ల వెతికాను, దుప్పటి దులిపాను. మళ్ళీ తీస్తే తాయెత్తూ లేదు, రాయీ లేదు. ఒక్కోసారి పాత బొమ్మ ఎక్స్‌రే పడే ప్లేటులో మిగిలిపోతుంది, నిజమే. కానీ ఆ ప్లేటు పెద్దాయన పోయాక కొన్నది.

అల్ట్రాసౌండ్ చేయించాను. కిడ్నీ కొంచెం ఉబ్బింది గానీ, గ్యాస్ అడ్డం వచ్చి కింద రాయి ఉందో లేదో తెలియలేదు. డాక్టరు మాత్రలు రాసి రెండు రోజులు చూద్దామన్నారు. అన్న అప్పటికే చెప్పులేసుకున్నాడు.

"కళ్ళంలో కాయలున్నయ్ రా, నే పోవాల."

నాకు భయం పట్టుకుంది. చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి సీటీ తీయించాను.

సీటీలో దొరికింది. ఎక్స్‌రేకు అసలు కనపడని రకం రాయి, మూత్రనాళం కింది కొసన. పైన చీము మొదలైంది. ఆ సాయంత్రమే గొట్టం వేసి చీము తీశారు. రెండు రోజులు ఆగి ఉంటే మనిషి దక్కేవాడు కాదన్నారు. మొదటి ఫిల్మును సీటీ పక్కన పెట్టి చూశాను. తాయెత్తు పడిన చోటే రాయి.

అన్న ఇంటికి వెళ్ళాక, ఆ ఫిల్ము తీసుకుని పెద్దాయన కొడుకు దగ్గరికి వెళ్ళాను. తప్పు నాదేనని చెప్పి ఏడ్చాను. ఆయన ఫిల్మును వెలుతురుకు ఎత్తి, ఆ నొక్కును వేలితో తడిమాడు.

"ఇది మా నాయందే. తెంపొద్దన్నాడని మొలతాడుతోనే పూడ్చాం గదయ్యా."

ఇంతకుమించి నాకేమీ తెలియదు.