లాస్య రోగానికి నేను రాసిన డెబ్బై మూడు రుజువులు

ఇంత జరిగినాక కూడా మా అక్క నాతో మాట్లాడతాందంటే అది ఆమె మంచితనమే! మొన్న శనివారం సాయంత్రం ఐదింటికి ఆమె ఉద్యోగం పోవాల్సింది. పోగొట్టబోయింది పై ఆఫీసరు కాదు, గిట్టనోళ్లు కాదు. నేను. సొంత చెల్లెల్ని. అదీ మంచి చేస్తాండాననుకుంటా.

ముందు నా గురించి ఒక మాట చెప్తే మిగతాదంతా మీకు సులభంగా అర్థమవుతాది. డిగ్రీ రెండో సంవత్సరంలో ఆపేసినాను. అప్పట్నుంచి నా కాలేజీ నా ఫోనే. బ్లౌజు కుట్టేది అందులోనే నేర్చుకున్నా. మా అమ్మ బ్లౌజుకు ఒక చెయ్యి పొడుగొచ్చింది, అది వేరే సంగతి. కన్నడ చదివేది నేర్చుకున్నా. మంత్రాలయం పోయినప్పుడు కనపడిన ప్రతి కన్నడ బోర్డూ గట్టిగా చదివి మా నాయనతో తిట్లు తిన్నా. మూడు నెలల కింద చైల్డ్ సైకాలజీ మొదలుపెట్టినా. మూడు నెలలు ఒకే సబ్జెక్టు మీద ఉన్నానంటే నా లెక్కలో అది పీహెచ్‌డీ.

సరిగ్గా అప్పుడే లాస్యను తెచ్చి నా చేతిలో పెట్టినారు.

లాస్య మా అక్క కూతురు. నాలుగున్నరేళ్లు. మాది ఆదోని, నాయన పత్తి అంగట్లో గుమాస్తా. అక్క ఆరేళ్ల కింద లవ్ మ్యారేజీ చేసుకోని పోయింది ఎమ్మిగనూరుకు, మగ్గం నేసే ఇంటికి. బావ మాత్రం లారీ తోలతాడు. కొత్తలో రెండిళ్లకూ మాటల్లేవు. లాస్య పుట్టినాకే రాకపోకలు. అవి కూడా ఏడాదికి రెండుసార్లు, ముందే ఫోన్ చేసి, పండ్లు కట్టించుకోని, ఇస్త్రీ బట్టలేసుకోని. ఇప్పుడు అక్కకు ఒక ఆస్పత్రి ల్యాబులో ఉద్యోగం వచ్చింది. ఎన్నాళ్లు చదివిందో, ఎన్ని పరీక్షలు రాసిందో! నెల రోజులు కర్నూల్లో ట్రైనింగు. మధ్యలో వదిలేస్తే ఆ ఉద్యోగం లిస్టులో వెనకున్నోళ్లకు పోతాది. లాస్య ఎప్పుడూ ఆ ఇంట్లో అవ్వాతాతల దగ్గరే ఉంటాది గానీ, అవ్వకు కంటి ఆపరేషన్ అయిందని పది రోజులు మా ఇంటికి పంపినారు.

మొదటిరోజు పొద్దున. పాప లేచింది. బాత్రూంలోకి పోయి చేతులు కడిగింది. బయటికొచ్చి రెండు చేతులూ చాపి, అటు తిప్పి, ఇటు తిప్పి, గోడకు చూపించింది. గోడకు! ఆడ ఎవరూ లేరు. తర్వాత వరండా మెట్టు మీద కూచోని కాళ్లు వేలాడేసింది. కుడికాలు, ఎడమకాలు, కుడికాలు, ఎడమకాలు. కుడిచెయ్యి పైకెత్తి గాలిలో దేన్నో గుంజతాంది. ఎడమచెయ్యి రొమ్ము దగ్గరికి లాక్కుంటాంది. నోట్లో ఏదో గొణుగుతాంది. ఉన్నట్టుండి ఆగింది. ముందుకు వంగి, కళ్లు చిన్నవి చేసి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి నలిపింది. మళ్లా మొదలు. కుడికాలు, ఎడమకాలు...

"లాస్యా, ఏం చేస్తాండావు నాన్నా? పాలు తాగుదువు రా."

తల కూడా ఎత్తలేదు. "అయిపోలా ఇంగా."

నాకు వీపు మీద చన్నీళ్లు పోసినట్టయింది! ఎందుకంటే ముందురోజే చదివినాను. మళ్లీ మళ్లీ చేతులు కడగడం, ఒకే పని ఒకే వరసలో చేయడం, ఇంకా పూర్తి కాలేదనే భావన. ఒక్కొక్కటీ దిగింది నా కళ్లముందు! పాలగ్లాసు చేతిలోనే ఉంది. మీగడ కట్టేదాకా అట్లే నిలబడిపోయినాను.

మా అమ్మకు చెప్తే, "పిల్లోళ్లు ఆడుకోకుండా భగవద్గీత చదువుతారా? పోయి చపాతీ పిండి కలుపుపో" అనింది. చదువుకోనోళ్లతో ఇదే తంటా అనుకున్నా. నేను ఆపేసిన డిగ్రీ ఆ నిమిషం గుర్తు రాలేదు.

నోటుబుక్కు తీసినాను. రెండొందల పేజీలది, అట్ట మీద నెమలి బొమ్మ. ప్రతిదీ టైముతో సహా రాయడం మొదలుపెట్టినా. ఏడూ పది, హస్తశుద్ధి. ఏడూ పన్నెండు, హస్తప్రదర్శన. ఏడూ పదిహేను, పాదముల లయబద్ధ చలనము. వీడియో తీద్దామనుకున్నా గానీ, పిల్లలకు తెలిస్తే ఇంకా ఎక్కువవుతాదని ఎక్కడో చదివినాను. కాబట్టి రాతే. అదీ మంచి గ్రాంథికంలో. ఎందుకంటే ఇది రేపు డాక్టర్లు చదవాల్సిన కాగితం.

రెండోరోజు కొత్త లక్షణం. మా నాయన తువ్వాలు కొసలు దొరికించుకోని దారం దారం విడదీసి ముడులేసింది. తర్వాత నా చున్నీకి. తర్వాత ఇంటికొచ్చిన పక్కింటామె కొంగుకు! ఆమె కూచోని మాట్లాడతా ఉంటే ఈ పిల్ల వెనకాల నిలబడి ముడులేస్తాంది. ఆమె లేచి పోతాంటే చూసుకోని, "ఏందమ్మా ఇది, జడలల్లినట్టు!" అని నోరు తెరిచింది. మూడోరోజు నా కొత్త చీర ఎండలోకి ఎత్తి పట్టి, ఒక కన్ను మూసి చూసి, "ఈడ పోయింది" అని వేలు పెట్టింది. చూస్తే నిజంగానే ఒక దారం లేదు! నాకు భయంతో పాటు బాధ కూడా అయింది. చీర కొత్తది కదా.

ఆ దినమే అక్కకు మెసేజ్ పెట్టినా. ఊరికే కాదు, నా రిపోర్టు మొత్తం టైపు చేసి. "పునరావృత హస్తశుద్ధి. లయబద్ధ పాదచలనము. శూన్యములో కర్షణ చేష్ట. వస్త్రముల అంచులయందు గ్రంథి బంధనము."

అక్క ఫోన్ చేసింది. "ఏమే ఇదంతా? కర్షణమంటే ఏంటిది? పాపకు ఏమైంది?"

"భయపడొద్దు అక్కా. ముందుగా కనిపెట్టినాం. అదే మన అదృష్టం."

"నేను దగ్గర లేనని ఇట్లా అయిందేమో."

ఆడ నేను "కాదు" అనాల. అన్లేదు. "కావచ్చు" అన్నాను! సైకాలజీలో అబద్ధం చెప్పకూడదు కదా. అక్క భోరుమని ఏడ్చింది.

శనివారం మధ్యాన్నం అమ్మకు బొమ్మల అంగడికని చెప్పి పాపను పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకపోయినా. ఆమె నోటుబుక్కు చూసింది. రెండు పేజీలు తిప్పింది. నన్ను చూసింది. మళ్లా రెండు పేజీలు తిప్పింది.

"పాప తింటుందా?"

"తింటాది మేడమ్."

"నిద్ర?"

"బ్రహ్మాండంగా."

"ఇది చేసేటప్పుడు ఏడుస్తుందా? భయపడుతుందా? చేతులు పుండ్లయ్యేలాగా కడుగుతుందా?"

"లేదు మేడమ్. నవ్వుకుంటా చేస్తాది. అదే నాకు ఇంకా భయం."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "ఈ వయసు పిల్లలు ఒకే పని వందసార్లు చేస్తారమ్మా. ఆపితే తట్టుకోలేకపోతే, తిండీ నిద్రా చెడితే అప్పుడు తప్పకుండా తీసుకురండి. ఇది మాత్రం ఎక్కడో చూసి నేర్చుకున్నట్టుంది. పాప ఎక్కువగా ఉండేది ఎక్కడ?"

"ఎమ్మిగనూరులో, వాళ్ల తాత ఇంట్లో."

"అయితే ముందు అక్కడికి పోయి చూడండి."

తెలివైన మనిషైతే ఈ మాటతో అంతా అర్థం చేసుకుంటాది. నేనేం అర్థం చేసుకున్నానో వినండి. చూసి నేర్చుకుంది. అంటే ఆ ఇంట్లో ఎవరో ముందునుంచే చేస్తాండారు. అంటే రోగం తాతకుంది! బస్టాండులో నిలబడి "వంశపారంపర్యం" అని కొట్టి చూసినా. ఏవో పేజీలొచ్చినాయి. అంతే, అక్కకు మెసేజ్. "మూలం మీ మామ కావచ్చు."

వెంటనే జవాబు. "అయ్యో! మీ బావ కూడా షర్టుకు దారం కనపడితే పీకకుండా ఊరుకోడే!" దాని కింద ఇంకోటి. "ఇంగ నేను ఈడ ఉండలేను. ఐదింటికి సార్ వస్తాడంట. లెటర్ ఇచ్చేసి వస్తాండా. మీ బావ లోడు దించి రేపు వస్తాడు, అందరం ఒకచోట కూచోని మాట్లాడదాం."

బస్సు ఎక్కేసరికి మూడున్నర. ఫోన్ చేయలేదు, పండ్లు కొనలేదు, బట్టలు కూడా ఇంట్లో కట్టుకునేవే. ఆరేళ్లలో ఆ ఇంటికి నేను చెప్పకుండా పోయింది అదే మొదటిసారి. దారి పొడుగునా మామను ఏమడగాలో మనసులో రిహార్సల్ వేసుకున్నా. "మామా, మీకు చిన్నప్పట్నుంచి ఇట్లా ఉందా?"

ఇప్పుడు మీకు ఒక సంగతి చెప్పాల. మేము ఆ ఇంటికి పోయిన ప్రతిసారీ ఏం జరిగేదంటే, మేము ఆటో దిగే లోపలే మామ మగ్గం ఆపేసి లేచి నిలబడేవాడు. దాని మీద పూల దుప్పటి కప్పేవాళ్లు. కుర్చీలు, కూల్‌డ్రింకులు, మిక్చరు. వియ్యంకులు వచ్చినప్పుడు మగ్గం ఆడిస్తా కూచుంటే మర్యాద కాదంట. మేము పోయేదాకా దుప్పటి తీసేవాళ్లు కాదు. చేనేత చీర కట్టుకోని సెల్ఫీ పెట్టి, కింద చేనేత గొప్పతనం మీద పేరాలు రాసినదాన్ని నేను. ఆరేళ్లలో ఒక్క మగ్గం ఆడేది కళ్లారా చూడలేదు! ఆ దుప్పటి మీద పూలు మాత్రం ఎన్నున్నాయో చెప్తా.

ఆ దినం వీధి మలుపు తిరగ్గానే లాస్య నా చెయ్యి విడిపించుకోని పరిగెత్తింది. ఇంటి బయట కొళాయి. చేతులు కడిగింది. లోపలికి పోయి రెండు చేతులూ చాపి, అటు తిప్పి, ఇటు తిప్పి చూపించింది. ఈసారి గోడకు కాదు. తాతకు.

మామ నేల గుంతలో కాళ్లు పెట్టుకోని మగ్గం ముందు కూచోనుండాడు. పాప చేతులు చూసి తలూపినాడు. కుడికాలు తొక్కినాడు, ఎడమకాలు తొక్కినాడు. కుడిచెయ్యి పైనున్న తాడు గుంజింది, అడ్డపోగు మోసే నాడె ఇటునుంచి అటు ఉరికింది. ఎడమచెయ్యి ఆ పోగును కొట్టే పలకను రొమ్ము దగ్గరికి లాగింది. టక్కు, టక్కు, టక్కు. ఉన్నట్టుండి ఆపినాడు. ముందుకు వంగినాడు. కళ్లు చిన్నవి చేసినాడు. తెగిన పోగు పట్టుకోని, బొటనవేలూ చూపుడువేలూ కలిపి నలిపినాడు...

నేను గుమ్మంలో నోటుబుక్కు పట్టుకోని నిలబడినా. ఏడూ పదిహేను, పాదముల లయబద్ధ చలనము. ఏడూ పదిహేడు, శూన్యములో కర్షణ చేష్ట. ఒక్క లైను తప్పలేదు! నా జన్మలో అంత కరెక్టుగా నేనేదీ రాయలేదు.

మామ తలెత్తి నన్ను చూసినాడు. అదిరిపోయినాడు పాపం. గబగబా లేస్తా, "ఒసేయ్, ఆదోనోళ్లు వచ్చినారు! దుప్పటి తే, కుర్చీ ఎయ్యి!"

"తాతా, అయిపోలా ఇంగా!" అని లాస్య అరుపు.

"మామా ఆపొద్దు! మీకు దండం పెడతా, ఆపొద్దు!" అని నా అరుపు.

టైము చూసినా. నాలుగూ నలభై ఒకటి. అక్కకు ఫోన్ కొట్టినా. ఎత్తలేదు. మళ్లా కొట్టినా. మళ్లా. మళ్లా. ఎన్నిసార్లు కొట్టినానో లెక్క పోయింది. నాలుగూ యాభై రెండుకి ఎత్తి గుసగుసగా, "ఏందే? సార్ రూము బయటే ఉండా. లెటర్ చేతిలోనే ఉంది" అనింది.

"ఇయ్యొద్దు! వీడియో ఆన్ చెయ్యి!"

ఫోన్ మగ్గం వైపు తిప్పినా. గుంతలో మామ, గుంత అంచు మీద లాస్య. నాలుగు కాళ్లూ ఒకే తాళం. అక్క ఫోన్ మొఖం దగ్గరికి పెట్టుకోని చూసింది.

"మా మామ నేస్తాండాడు. అయితే ఏంది?"

"పాపను చూడు."

"అది ఎప్పుడూ అంతే కదా. పోగు ముట్టుకోవాలంటే చేతులు కడుక్కోని రావాలని తాత రూలు. కడుక్కోనొచ్చి చూపిస్తాది, అవ్వతో చీర కొసలకు ముడులేస్తాది, తాత పక్కన కూచోని..." ఆగింది. "ఏయ్. ఏయ్! నువ్వు రాసిన పాదచలనం ఇదేనా?"

"ఊ."

"కర్షణం?"

"ఊ."

"ఒసేయ్ నీ గ్రాంథికం తగలెయ్య! 'మగ్గం తొక్కినట్టు తొక్కుతాంది' అని ఒక్క ముక్క రాసింటే నాకు ఆ నిమిషమే తెలిసేది కదే!"

"నాకు మగ్గం ఎట్లా తొక్కుతారో తెలీదక్కా" అన్నాను.

అట్నుంచి కాగితం చింపిన చప్పుడు. రెండుసార్లు. నేను ఆడనే నేల మీద కూలబడి ఏడ్చేసినా. నవ్వు కూడా వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే మొఖం ఎట్లుంటాదో మీరే ఊహించుకోండి.

అవ్వ, అంటే అక్క వాళ్లత్త, ఆపరేషన్ నల్లద్దాలు పెట్టుకోని వచ్చి నా చేతిలో బుక్కు లాక్కోని మామకిచ్చి, "చదువు" అనింది. మామ పత్రిక చదివినట్టు చదివినాడు. మొత్తం డెబ్బై మూడు. వాళ్లిద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు.

అవ్వ నెమ్మదిగా అనింది: "పాప కడిగినప్పుడల్లా నువ్వు రాసినావు. పాప ముడేసినప్పుడల్లా నువ్వు రాసినావు. అది నాలుగేండ్ల పిల్ల, ఆట అనుకుందాం. నీది ఏందిమ్మే? నిన్ను ఏ డాక్టరుకు చూపియ్యాల?"

ఆరేళ్లలో ఆమె నన్ను "రామ్మా, కూచోమ్మా" అనిందే గానీ ఇంటి పిల్లను పిలిచినట్టు "మ్మే" అనింది అప్పుడే.

ఇప్పుడు నేను పోతే మగ్గం ఆపరు. దుప్పటి లేదు, కుర్చీ లేదు, కూల్‌డ్రింకు అసలే లేదు. నిన్న మామను, "ఒక్కసారి తొక్కేది నేర్పించండి మామా, ఫోన్లో చూసి నేర్చుకునేది కాదు ఇది" అని అడిగినా. ఆయన పాప వైపు చూపించినాడు. ఆ సెక్షన్ ఆమెదంట. కొళాయి దగ్గరికి పోయి కడుక్కోనొచ్చి, లాస్య ముందు రెండు చేతులూ చాపి, అటు తిప్పి, ఇటు తిప్పి చూపించినా. ఆమె ఒక కన్ను మూసి చూసింది.

"ఇంగోసారి కడుక్కోని రా చిన్నమ్మా."

నాలుగుసార్లయింది. ఎవరూ రాసుకోలేదు గాబట్టి సరిపోయింది.