ఆగకూడని చెయ్యి

ఎమ్మిగనూరులో మగ్గం అమ్మేశాక మా బావమరిది ముసలితనంలో పనిలేక ఇంట్లో కూర్చున్నాడు. మగ్గం గుంత పూడ్చిన చోటే చాప పరుచుకుని పగలంతా పడుకునేవాడు. నాకు జాలి కంటే విసుగే ఎక్కువ కలిగింది. తమ్ముణ్ణి ఏదో ఒక పనిలో పెట్టమని నా భార్య రోజూ పోరుపెడుతుంటే, నేను పనిచేసే ఆదోని షాపుకు వెంటబెట్టుకుపోయాను.

నేనూ నేసినవాడినే. చాలా ముందే మానుకుని, పాత కార్ల సామాన్లకు మెరుగుపెట్టే ఈ షాపులో చేరాను. బంపర్లు, చక్రాల మూతలు, లైట్ల చుట్టూ ఉండే రింగులు మా దగ్గరికి వస్తాయి. మిషన్ కొసకు స్పాంజి ప్యాడ్ అతికించి, పేస్టు రాసి తిప్పితే, మబ్బు పట్టిన లోహంలో మన ముఖం మనకు కనిపిస్తుంది. ఏ డబ్బాలో ఏ పేస్టు ఉందో చాలాకాలం రంగును బట్టే గుర్తుపెట్టుకున్నాను. ముసలితనంలో అక్షరాలు నేర్చుకుని చదివి చూస్తే, నేను అనుకున్నదే రాసి ఉంది. కొంచెం నిరాశ కూడా కలిగింది.

షాపు యజమాని చెడ్డవాడు కాదు, ఓపిక తక్కువ. కొన్నాళ్లు చూస్తానని, పనికిరాకపోతే పంపేస్తానని ముందే చెప్పాడు. పంపేస్తే బావమరిదికి మళ్లీ ఆ చాపే గతి. ఆ సంగతి బావమరిదికీ తెలుసు.

ఈ పనికి ముఖ్యమైన కట్టడి ఒకటే, చెయ్యి ఆగకూడదు. ప్యాడ్ ఒకేచోట నిలిస్తే వేడెక్కి కాలుతుంది, లోహం మీది పూత లేచిపోతుంది. అది మొదటిరోజే బావమరిదికి చెప్పాను. ఆయన తల ఊపాడు. తల ఊపితే చెయ్యి వింటుందా? మగ్గం మీద పోగు తెగితే అక్కడే ఆగాలి, అతికిందాకా ముందుకు పోకూడదు. చిన్నప్పుడు తెగిన పోగును చూసీ చూడనట్టు పోతే వాళ్ల నాయన వీపు మీద చరిచేవాడట. ఆ చెయ్యి అలా తయారైంది.

ఒకరోజు హొళగుంద నుంచి ఒక రైతు పాత కారు తెచ్చాడు. తండ్రి కాలం నాటిది. దాన్ని పెళ్లి ఊరేగింపులకు బాడుగకు తిప్పుతాడు. మరుసటి రోజే ఊరేగింపు ఉంది, ముందు బంపరు మెరిసిపోవాలన్నాడు. సాయంత్రం వస్తానని చెప్పి బజారులోకి పోయాడు. బంపరులో ఒక సగం నేను చేసి, రెండో సగం బావమరిదికి ఇచ్చి టీ తాగడానికి వెళ్లాను.

తిరిగి వచ్చేసరికి స్పాంజి కాలిన వాసన. బావమరిది వంగి, మిషన్‌ను ఒకేచోట అదిమిపట్టి ఉన్నాడు. నేను స్విచ్ ఆపేశాను. అంచు దగ్గర అరచేతంత మేర తెల్లటి పూత పోయి, లోపలి రాగి రంగు బయటపడింది.

"ఎందుకాగినావ్?" అన్నాను.

"ఆడ తుప్పు మచ్చ ఉండాది బావా. దాన్ని ఇడిసిపెట్టి యాడికి పోయేది?"

యజమాని వచ్చి చూశాడు. అరవలేదు. బంపరు బిగించేయమన్నాడు. రేపు దాని మీద పూలదండ పడుతుంది, ఎవరూ చూడరు, తర్వాత సంగతి తర్వాత అన్నాడు. నాకూ అదే సబబనిపించింది.

సాయంత్రం రైతు వచ్చి, నేను చేసిన వైపు చెయ్యి వేసి నిమిరి సంబరపడ్డాడు. బావమరిది ఆయన్ని చెయ్యి పట్టుకుని రెండో వైపుకు తీసుకుపోయి, గొంతుక్కూర్చుని పూత పోయిన చోటు చూపించాడు. మా నేతపనిలో ఒక అలవాటు ఉంది. చీర తీసుకుపోయి షావుకారు ముందు పెట్టినప్పుడు, తప్పున్న మడత ముందు విప్పుతాం. మంచితనం కోసం కాదు. ఆయనంతట ఆయన కనిపెడితే ఆ తర్వాత మనం నేసిన ప్రతి చీరనూ అనుమానంగా చూస్తాడు.

"ఏనప్పా ఇది? నాకెందుకు సూపిస్తివి?" అన్నాడు రైతు. "రేపు దండ కింద కనపడకపోయేది."

"ఎల్లుండి దండ తీస్తావు గదన్నా."

రైతు యజమాని వైపు తిరిగి, నీకు తెలుసా అని అడిగాడు. యజమాని ప్యాడ్లు నానేసిన బకెట్ వైపు చూశాడు. రైతు కారు తీసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ వస్తాననలేదు, రాననీ అనలేదు.

"మీ బావమరిదిని రేపట్నించి రావద్దని సెప్పు పెద్దాయనా," అన్నాడు యజమాని. "ఆయప్పకు చెయ్యేమో ఆగితాది, నోరేమో ఆగదు."

నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. "హొళగుందాయన మళ్లీ వచ్చి, ఆ ముసలాయన యాడ అని అడిగితే ఏం సెప్తావ్? నిజం సెప్పినందుకు పంపేసినానంటావా?" అని అడిగాను.

షట్టరు దించేటప్పుడు యజమాని, పని సరేనని నేను తనకు చెప్పేదాకా బావమరిది గిరాకీల సామాను ముట్టకూడదని, పాత ఇనుము మీదే నేర్చుకోవాలని అన్నాడు.

షాపు వెనక తుక్కు బంపర్లు చాలా ఉన్నాయి. బావమరిది వాటి మీద మిషన్ తిప్పుతుంటే నేను వెనక నిలబడేవాణ్ణి. మచ్చ దగ్గరికి రాగానే చెయ్యి నెమ్మదించేది. "నడువ్," అనేవాణ్ణి. కదిలేవాడు, బస్సులో సంచి మరిచి దిగినవాడిలా వెనక్కి చూసుకుంటూ. తప్పును వదిలి పోవద్దని దెబ్బలు తిని నేర్చుకున్న మనిషికి, ఈ వయసులో, వదిలి పో, మళ్లీ వచ్చేటప్పుడు చూసుకుందువులే అని చెప్పాల్సి వచ్చింది. ఒక్కసారికే పోయే మచ్చలు తక్కువ. పైపైన పోతూ, వస్తూ ఉంటే కొంచెం కొంచెంగా తగ్గుతాయి. ఆ మాట ఆయన నమ్మలేదు. మొదట్లో నేను కూడా నమ్మలేదు.

నిన్న యజమాని ఒక గిరాకీ తెచ్చిన చక్రం మూతను ఆయన ముందు పెట్టి, ఏమీ అనకుండా లోపలికి పోయాడు. నేను సరేనని ఇంకా చెప్పనేలేదు. మూత మధ్యలో మచ్చ ఉంది. ఈసారి నేను నడువ్ అనలేదు. బావమరిది చెయ్యి ఆ మచ్చ దాకా పోయింది, కొంచెం బరువెక్కింది, దాటింది.