బాయి పక్కన కాకతీయ సైన్యం

చేతిలో ఉద్యోగం, నెల తిరిగేసరికి జీతం ఉన్నా ఇంకేదో తక్కువైందనిపించే వయసు ఒకటుంటుంది. ఆ రోజుల్లో, డెబ్బైల మొదట్లో, గోదావరిఖనిలో మా కాలనీ కుర్రాళ్ళకు తక్కువైనది చరిత్ర. చుట్టూ ఉన్న బొగ్గు కోట్ల ఏళ్ళ నాటిదని సార్లు చెప్పేవారు కానీ, దాని మీద మాకు గౌరవం ఉండేది కాదు. రోజూ ముక్కులోంచి తీసే పదార్థాన్ని ఎవరు గౌరవిస్తారు? అలాంటి మేము ఒక ఆదివారం పులిహోర మూటలు కట్టుకుని రామగిరి కోట ఎక్కాం. కూలిన గోడ మీద నిలబడి కిందికి చూసేసరికి అందరికీ ఒకేసారి పూనకం వచ్చింది. దిగేలోపు తీర్మానం అయిపోయింది: బడి మైదానంలో కాకతీయ సైన్యం ఊరేగాలి. కత్తులు, డాళ్ళు, కవచాలు అన్నీ అసలువాటిలాగే ఉండాలి, అన్నీ మేమే చేసుకోవాలి. మాలో ఒక్కడికి కూడా మేకు వంకరపోకుండా కొట్టడం రాదన్న సంగతి ఆ ఎత్తు మీద ఎవరికీ గుర్తు రాలేదు.

సామాను సంగతి చెప్తే మీరు నవ్వుతారు. పారేసిన రబ్బరు బెల్టు ముక్కలు గుండ్రంగా కోసి డాళ్ళు చేశాం. ఒక్కోటి ఎంత బరువంటే, శత్రువు అవసరం లేకుండానే సైనికుడు కూలిపోయేవాడు. పెట్టెలకు చుట్టి వచ్చే ఇనుప పట్టీలు సాగగొట్టి కత్తులు చేశాం. అవి ఒరలోంచి నిటారుగా వచ్చేవి, గాలి తగలగానే వంగి నమస్కారం పెట్టేవి. ఏనుగుకు నల్ల టార్పాలిన్, లోపల ఇద్దరు మనుషులు (ఆ ఇద్దరూ బావా బావమరుదులు, వాళ్ళకు మాటల్లేవు, అందుకే ఏనుగు ముందు కాళ్ళు ఒక దారి, వెనక కాళ్ళు ఒక దారి నడిచేవి). రాణి వేషం బొగ్గుకు బెజ్జాలు వేసే మా డ్రిల్లరన్నకు పడింది కానీ, మీసం మాత్రం తీయనని మొండికేశాడు. "రాణి మగోళ్ళ బట్టలేసుకునే రాజ్యమేలిందంటరు గద, ఉంచనియ్యిన్రి" అని బడిలో సోషల్ సార్ తీర్పు ఇవ్వడంతో ఆ మీసం బతికిపోయింది. ఆ సారే ఒక సాయంత్రం మా ఆయుధాగారమంతా తిరిగి చూసి, "కాకతీయుల సిపాయిలు ఎట్లుండిన్రో నాకు ఎరుక లేదు. గానీ గిట్లయితే లేకుండిరి" అన్నాడు. మేము దాన్ని సగం మెప్పుగా తీసుకున్నాం.

మంత్రి వేషం సువార్త కాకది. కాక మా పక్క క్వార్టర్‌లోనే ఉండేవాడు, మా నాన్నలాగే, అదే మా బాపులాగే, ఇరవై ఏళ్ళుగా బాయి దిగుతున్న మనిషి (బొగ్గుగనిని మా దగ్గర బాయి అంటారు), ప్రార్థన మందిరంలో పెద్ద. ఆటలూ వేషాలూ సైతాను పనులని ఆదివారం ఆదివారం చెప్పేవాడు. అలాంటివాడు ఒకరోజు మా రిహార్సల్ చూసి, "మంత్రికి గొంతు ఉండాలెరా. మీ మంత్రి పిల్లి కూసినట్టు కూస్తుండు" అని, అరగంటలో ఆ వేషం తనే తీసుకున్నాడు. "చిన్నమ్మకు తెలిస్తే ఎట్ల కాకా?" అంటే, "డ్యూటీకి పోతున్న అని టిఫిన్ కట్టించుకుని వస్త. ఆ రోజుకు సెలవు పెడ్త. దేవునితో నేను మాట్లాడుకుంట, మీ చిన్నమ్మతోనే మాట్లాడలేను" అన్నాడు.

నేను సేనాపతిని. ఎందుకంటే కవచం నా దగ్గరుంది. నేను అప్పుడు, దిగేవాళ్ళకు బత్తీలిచ్చే లాంపురూంలో గుమాస్తాను. బాయి దిగే ప్రతి మనిషికీ ఒక నంబరు వేసిన ఇత్తడి బిళ్ళ ఉంటుంది. మనిషి పైన ఉన్నంతసేపు అది లాంపురూం బోర్డు మీద తన మేకుకు వేలాడుతుంది. దిగేటప్పుడు తీసుకుని జేబులో వేసుకోవాలి, ఎక్కాక తిరిగి తగిలించాలి. మేకు ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా కింద ఉన్నాడని లెక్క. నంబర్లు మారినప్పుడు పక్కన పడేసిన పాత బిళ్ళలు ఒక డబ్బా నిండా ఉండేవి. మా ఆఫీసు పెద్దసారును అడిగి వాటిని తెచ్చుకుని, గోనెసంచి మీద చేప పొలుసుల్లా వరసగా కుట్టాను. నెల రోజులు కుట్టాను. వేళ్ళన్నీ పొడుచుకున్నాను. నిజం చెప్పాలంటే, నా జీవితంలో నా చేతులతో చేసిన వాటిల్లో చూడదగ్గది అదొక్కటే.

ఊరేగింపు రోజు పొద్దున చూస్తే, సరిగ్గా గుండె మీద ఒక బిళ్ళ ఊడిపోయి ఉంది. చిన్న ఖాళీయే. కానీ ఆ ఖాళీ తప్ప నాకు ఇంకేమీ కనబడలేదు. లాంపురూంకు పరుగెత్తాను. డబ్బాలో ఒక్క పాత బిళ్ళ కూడా మిగల్లేదు. మొదటి షిఫ్టు వాళ్ళు దిగిపోయారు, బోర్డు దగ్గర ఎవరూ లేరు. ఎదురుగా సువార్త కాక బిళ్ళ మెరుస్తూ వేలాడుతోంది. కాక సెలవులో ఉన్నాడు, ఎక్కడున్నాడో నాకు తెలుసు, సాయంత్రం తెచ్చి తగిలిస్తే సరి అనుకుని, దాన్ని తీసి ఆ ఖాళీలో కుట్టేశాను. ఆ బోర్డును కాపలా కాయడానికే నాకు జీతమిస్తున్నారన్న మాట ఆ క్షణంలో నా బుర్రకు రాలేదంటే, పూనకం ఏ స్థాయిలో ఉందో మీరే ఊహించుకోండి.

మధ్యాహ్నం మూడు దాటాక ఊరేగింపు కదిలింది. డప్పులు మోగుతున్నాయి, బొగ్గు మసితో దిద్దిన మీసాలు చెమటకు కారుతున్నాయి, ఏనుగు రెండు దిక్కులకు నడుస్తోంది. అంతలో మా కాలనీ నుంచే ఒకతను రొప్పుతూ వచ్చాడు.

"డప్పులు ఆపున్రి. బాయికాడ మంది జమైన్రు. సువార్త కాక కిందనే ఉండిపోయిండట."

దూది గడ్డం పెట్టుకుని నా పక్కన నిలబడ్డ కాక, "ఎవలు?" అన్నాడు.

"సువార్త కాక."

"నేను ఈడనే ఉన్న గదరా."

వచ్చినతను కాకను తేరిపార చూసి, అక్కడే కూర్చుండిపోయాడు. తర్వాత చెప్పాడు. షిఫ్టు అయ్యాక అందరి బిళ్ళలూ వచ్చాయి, ఒక మేకు ఖాళీ. రిజిస్టర్‌లో కాకకు సెలవని ఉంది. ఇంటికి మనిషిని పంపితే చిన్నమ్మ, "పొద్దుగాల టిఫిన్ పట్టుకుని డ్యూటీకే పోయిండు" అంది. బాయిలో షిఫ్టు చూసుకునే మా ఓవర్‌మన్ ఒక మాట అనేవాడు: "కాయితం అబద్ధమాడుతది, మేకు ఆడదు." అందుకని వెతకడానికి నలుగురిని దింపాడు. పాత దారుల వైపు పైకప్పు మంచిగా లేదు, అక్కడ కప్పుకు ఆసరాగా కర్రలు నిలబెట్టిన మనిషికే ఆ దారులు తెలుసు. అప్పుడే షిఫ్టు దిగి ముఖం కడుక్కుంటున్న ఆ మనిషి, ఎవరూ అడగకముందే మళ్ళీ బత్తి తీసుకుని దిగాడట.

"ఎవలు?" అన్నాను నేను.

"మీ బాపు."

నేను పరుగెత్తాను. అన్ని బిళ్ళలూ గలగలమంటుంటే, సేనాపతి వేషంలో, మెయిన్ రోడ్డు మీద. నా వెనక కాక. గేటు దగ్గర కాపలా మనిషి కర్ర అడ్డం పెట్టి, "నాటకపోళ్ళకు లోపలికి ఇజాజత్ లేదు" అన్నాడు. ఏం చెప్పానో గుర్తు లేదు. కాక గడ్డం పీకి చూపించాక కర్ర దానంతటదే కిందికి దిగింది.

ఓవర్‌మన్ నా గుండె మీది నంబరు చదివాడు. ఒకసారి కాక ముఖం చూశాడు. తిట్టలేదు. వెంటనే ఒకతన్ని కిందికి తోలాడు, వాళ్ళను పిలుచుకు రమ్మని. చిన్నమ్మ ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయింది. కాకను నెత్తి నుంచి కాళ్ళ దాకా, ఆ పట్టు పంచెతో సహా చూసి, చాలా మెల్లగా, "ఇంటికి రా" అంది. కాక తర్వాత నాతో చెప్పాడు, ఒకప్పుడు బాయిలో తన పక్కనే కప్పు కూలినప్పుడు కూడా అంత భయపడలేదని.

బాపు కోసం గంట సేపు నిలబడ్డాను. ఆ గంట సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు కూడా పూర్తిగా చెప్పలేను. ఎండ తగిలి నా కవచం తళతళలాడుతోంది. జనం చూస్తున్నారు. ఒక్కరు కూడా నవ్వలేదు. ఒక్కరైనా నవ్వితే బాగుండుననిపించింది.

బాపు పైకి వచ్చేసరికి మోకాళ్ళు చెక్కుకుపోయి ఉన్నాయి, చొక్కా భుజం దగ్గర చిరిగింది. వెతుకుతుండగా ఒకచోట కప్పు రాలిందట, ఇంకో రెండు అడుగులు వేసి ఉంటే అని పక్కవాడు చెప్పబోతే, బాపు చేత్తో ఆపాడు. నా దగ్గరికి వచ్చి, చాకు తీసి, దారం కోసి ఆ బిళ్ళను విడదీశాడు. నా చేతిలో పెట్టలేదు. తనే తీసుకెళ్ళి తగిలించాడు.

ఇంటికి ఇద్దరం నడిచే వెళ్ళాం. నేను ముందు ఏడ్చాను, తర్వాత ఏడవడం కూడా సిగ్గనిపించింది. సగం దూరం పోయాక బాపు, నా ముఖం చూడకుండానే అడిగాడు.

"ఏ రాజుల సైన్యం బిడ్డా?"

"కాకతీయుల."

"గెలిచిన్రా?"

"యుద్ధం మొదలే పెట్టలే బాపూ."

ఆయన ఇంకో నాలుగడుగులు వేసి, "మంచిగనే కుట్టినవ్" అన్నాడు.

నాకు పదిహేను రోజులు సస్పెన్షన్ పడింది, అది తక్కువే. సైన్యం మళ్ళీ కలవలేదు. ఇప్పుడు నా వయసు ఆనాటి బాపు వయసు కంటే ఇరవై ఏళ్ళు ఎక్కువ. సెలవులకు వచ్చే మనవళ్ళు దుప్పట్లు కప్పుకుని, అట్టపెట్టెలు నెత్తిన పెట్టుకుని యుద్ధాలు చేస్తుంటారు. వాళ్ళు నా దగ్గరికి వచ్చి, "తాతా, ఎట్లుంది?" అని అడిగితే, పిచ్చి గంతులు మానండి అనబోయి ఆగిపోతాను. చావును రెండు అడుగుల దూరంలో చూసి వచ్చిన మనిషి, దానికి కారణమైన కొడుకు కుట్టును ఎలా మెచ్చుకోగలిగాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. "మంచిగనే కుట్టిన్రు" అంటాను. వాళ్ళు సంతోషంగా వెళ్ళి మళ్ళీ కొట్టుకుంటారు. వాళ్ళు కుట్టినదేమీ లేదు, అంతా టేపుతో అంటించారు. అయినా అంటాను.