చవకగా ఎలా ఇస్తామంటే

ప్లయరు, చాకు, స్క్రూడ్రైవరు ఒకే పిడిలోకి ముడుచుకుపోయే మల్టీటూళ్లను మా ఇంటి ముందుగదిలోనే బిగిస్తాం. చంపాపేట్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దుకాణానికి వాటిని సంచిలో మోసుకెళ్లేది నేనే.

ఒకరోజు నేను సంచి దించుతుంటే, ఒక పెద్దమనిషి చైనా సరుకు పక్కన మాది పెట్టి చూస్తున్నాడు.

"ఇది ఇక్కడ చేసిందేనా? మరి దాని ధరకే ఎలా ఇస్తున్నారండీ?"

"ఓడ కిరాయి లేదు సార్, కస్టమ్స్ లేదు. ఖరాబైతే గీ అక్కోళ్లే బాగు చేస్తరు," అన్నాడు దుకాణదారు గర్వంగా.

అన్నీ నిజాలే. మా ఆయనకీ, నాకూ, మా ఆడబిడ్డకీ జీతం లేదన్న నిజం మాత్రం ఎవరూ చెప్పరు. ఇంట్లోవాళ్ల చేతులకు ధర కట్టే ఆచారం మనకెక్కడిది!

"అన్నీ ఇక్కడివే అయినప్పుడు ఇంకాస్త తగ్గించొచ్చుగా?" అన్నాడు పెద్దమనిషి.

దుకాణదారు నావైపు తిరిగాడు. "ఏమంటవ్ అక్కా, జర తగ్గిద్దామా?"

కాదంటే రేపటి నుంచి ఆ అరలో చైనాదే ఉంటుంది. తలూపాను.

ఇంటికొచ్చి చూస్తే, ఖాళీగా కూర్చున్నది మా అత్త ఒక్కతే. ఆమెకు చూపు పోయి చాలా కాలమైంది. బిగించిన టూళ్లు తుడవమని నూనెగుడ్డ ఆమె చేతిలో పెట్టాను. తుడవడానికి కళ్లెందుకు? చాకు మాత్రం మడిచే ఇచ్చాను.