కలలో మాటలకు కట్టుడు పళ్లు

మా మేనత్త పోయిందని పొద్దున్నే కడత్తూరు నుంచి ఫోను వచ్చింది. తొంభై దాటిన మనిషి. పందొమ్మిది వందల ఎనభైల్లో ఆమె ఇంట్లో ఉండి, ఆమె చేతి అన్నం తిని చదువుకున్నదాన్ని.

మామ పోయాక ఆయన అంగడి ఆమే నడిపింది. ఎవరైనా గొంతు పెంచితే, "నోట్లో బెల్లం ముక్క ఏసుకో, ఆమీద మాట్లాడు" అనేది. అనడమే కాదు, ముక్క చేతిలో పెట్టేది కూడా.

తమిళనాడులో మా ధర్మపురి వైపు ఫ్లోరైడు బావినీళ్లకు పళ్లు త్వరగా పాడైపోతాయి. యాభై దాటేసరికి అత్తకు ఒక్కటీ మిగల్లేదు. కట్టుడు పళ్లు పెట్టించుకుని, వచ్చినవాళ్లందరి ముందూ మురుకులు కరకరా నమిలి చూపించేది. నిద్రపోయేటప్పుడు కూడా వాటిని తీసేది కాదు. మామ రోజూ కలలోకి వచ్చి అంగడి సంగతులు అడుగుతాడట.

"పండ్లు లేకుండా ఎట్ల మాట్లాడేదే పాపా? ఉస్సుమని గాలి పోతుంది. ఆయనకు నన్ను అట్ల చూపించలేను."

ఇంతలో అంగిలి ఎర్రగా పుండయి, తెల్లటి పూత కట్టింది. గంజి తప్ప ఏదీ దిగక మనిషి సగమైంది. డాక్టరు ఊదారంగు మందు పూయమన్నాడు. పూస్తే తగ్గేది, ఆపితే తిరిగొచ్చేది. చివరికి ఆయన పళ్ల సెట్టు తీయించి, లోపలివైపు వేలితో రుద్ది చూపించాడు. జారుడుగా సన్నని పొర.

"బూజు ఇక్కడ కాపురం పెట్టిందమ్మా" అన్నాడు అరవంలో. "మందు పైదాన్నే చంపుతుంది. అడుగున మిగిలింది మళ్లీ నోట్లోకి పాకుతుంది. రోజూ రుద్ది కడగండి, రాత్రిళ్లు తీసిపెట్టండి."

చాలా ఏళ్ల తర్వాత దీని గురించి చదివాను. విడిగా తిరిగే బూజు మందుకు లొంగుతుందట. గుంపుగా అతుక్కుని, చుట్టూ జిగురు పోసుకున్నది మందును సరిగా లోపలికి రానివ్వదట. అడుగున కొన్ని కదలక మెదలక నిద్రపోతుంటాయి, చాలా మందులు వాటినేమీ చేయలేవు. చదువుతున్నంతసేపూ నాకు పళ్లతోనే పడుకునే అత్త నిద్రే గుర్తొచ్చింది.

ఆ రోజు ఇంటికొచ్చి మూల కూర్చుంది. "సెట్టు తీస్తే మీ మామ పోతాడు. తీయకుంటే నోరు పోతుంది. ఏం చేసేదే?"

"మామ వచ్చేది నీ పండ్ల కోసమా అత్తా?" అన్నాను.

పడుకోబోయే ముందు అత్త సెట్టును బ్రష్షుతో అరిగిపోయేలా రుద్ది, చెంబు నీళ్లలో వేసి, గోడవైపు తిరిగి పడుకుంది.

నేను లేచేసరికి వాకిలి మెట్టు మీద కూర్చుని ఉంది. వీధంతా మంచు. అడగడానికి భయమేసింది, అయినా అడిగాను.

"మామ వచ్చినాడా?"

"వచ్చినాడే."

"ఏమన్నాడు?"

"ఏమనేది. ఆయనకూ పండ్లు లేవు. ఇన్నాళ్లూ నాకోసరం సెట్టు పెట్టుకోని వస్తా ఉన్నాడంట. రాత్రి ఆయనా తీసేసినాడు."

పుండు మానడానికి ఇంకా కొన్నాళ్లు పట్టింది. ఆ పొద్దున మాత్రం ఎదురిల్లు కూడా కనబడని ఆ మంచులోకి చూస్తూ, అక్కడెవరో నిలబడి ఉన్నట్టు, అత్త బోసినోటితో నవ్వుతూనే ఉంది.