పాప గదికి రంగు

పుట్టబోయే బిడ్డ కోసం ముందుగా ఏదీ సిద్ధం చేయకూడదని మా రెండిళ్లలోనూ గట్టి పట్టింపు. ఊయల కొనకూడదు, గోడకు మేకు కొట్టకూడదు, రంగు డబ్బా మూత తీయకూడదు. రెండిళ్లని పేరుకే అంటున్నాను. నాది మేనరికం. మా నాన్న చెల్లెలే నాకు అత్త, ఆమె కొడుకే నా మొగుడు. నాన్న రాజంపేట దగ్గర పల్లెలో మగ్గం నేస్తాడు. అత్తవాళ్లకు కర్నూలులో చీరల కొట్టు ఉంది, కల్లూరులో కొత్తగా ఇల్లు కట్టుకున్నారు. ఆ ఇంట్లో మేడమీద గది ఒకటి రంగు లేకుండా వదిలేశారు. బిడ్డ భూమ్మీద పడ్డాకే దానికి రంగు అన్నారు.

సరే, తొలికాన్పుకు నేను పుట్టింటికి వచ్చాను. పాప పుట్టింది. పురుడు గడిచింది. అప్పటిదాకా ఓపిక పట్టిన మా బావ, అంటే నా మొగుడు, ఇక మొదలుపెట్టాడు.

కొట్లో ఒక్క చీర అడిగినామె ముందు ఉన్నవన్నీ పరవడం అతనికి అలవాటు. అదే అలవాటు గోడల మీదికి వచ్చింది. తెల్లారేసరికి ఫోన్ నిండా రంగులు. ఇది పిస్తా, ఇది లేత పిస్తా, ఇది పిస్తాకు కొంచెం ఇవతలిది. నా ఫోన్ గాజు పగిలి ఉంది, అందులో అన్నీ నానిన పెసరపప్పు లాగే కనిపించేవి. ఏదో ఒకటి చెప్తే ఊరుకుంటాడని చెప్పేదాన్ని. ఊరుకునేవాడు కాదు. ఎందుకది, ఇదెందుకు కాదు అని మళ్లీ అడిగేవాడు. ఎక్కడో వీడియోలు చూశాడు.

"గది రంగును బట్టే బిడ్డ బుర్ర పెరుగుతాదంట. పసుపు ఎక్కువైతే ఏడుస్తాదంట, నీలమైతే నిద్ర బాగా పోతాదంట. మనం ఊరికే ఏదంటే అది పూసేస్తే ఎట్ల?"

"మనిద్దరం సున్నం గోడల మధ్యనే గదా బావా పెరిగింది" అన్నాను.

"అందుకే ఇట్ల ఉండాం" అన్నాడు.

ఫోన్ పెట్టేశాను.

నిజం చెప్పాలంటే ఆ వీడియోలు నేనూ చూశాను. కాకపోతే నాకు నచ్చిన సంగతి వేరు. పుట్టిన కొత్తల్లో బిడ్డలకు లేత రంగులు ఏవీ సరిగా ఆనవట, నలుపూ తెలుపూ పక్కపక్కనే ఉంటేనే చూపు నిలుస్తుందట. ఇదేదో సులువుగా ఉందని నాలుగు తెల్ల అట్టల మీద నల్ల మార్కరుతో మందంగా గీతలు గీసి, పాప పడుకునే చోట గోడకు అంటించాను. మజ్జిగ తాగడానికి వంటింట్లోకి వెళ్లి వచ్చేలోగా అట్టలు మాయం. అమ్మ వాటిని పొయ్యిలో పెట్టేసింది.

"బాలింత గదిలో నల్లటివి ఏంటికే? ఎవురన్నా చూస్తే ఏమనుకుంటారు?"

ఆ మాట అంటూనే కాటుక డబ్బీ తీసి పాప బుగ్గ మీద ఇంత చుక్క పెట్టింది, అరికాలికి ఇంకోటి. మొలకు నల్లదారం అప్పటికే ఉంది, చేతికి నల్లపూసలూ ఉన్నాయి. నలుపు బిడ్డ ఒంటి మీద ఉంటే రక్ష, గోడ మీద ఉంటే అరిష్టం. ఈ లెక్క ఎవరు కట్టారో నాకు తెలియదు. గట్టిగా అడిగితే కళ్లనీళ్లు పెట్టుకుంటుంది, అడగకపోతే నా కడుపు మండుతుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, తలగుడ్డ ఒక ఎత్తు. బాలింత చెవుల్లోకి గాలి పోకూడదు కదా. చెవుల్లో దూది పెట్టి, నాన్న పాత పంచె చించి, కనుబొమ్మల దగ్గర నుంచి వెనక్కి తిప్పి గడ్డం కింద ముడి వేసేది అమ్మ. నెత్తి, నుదురు, బొట్టు అన్నీ దాని కిందే. అద్దంలో చూసుకుంటే తెల్లటి మూటలోంచి రెండు కళ్లు, ఒక ముక్కు. అదీ రాజంపేట ఎండాకాలంలో. కరెంటు పోతే తల ఉడికిపోయేది. గుడ్డ కాస్త వెనక్కి జరిపితే చాలు, వంటింట్లో ఉన్నా ఆమెకు ఎలా తెలిసేదో.

"నీ కాన్పప్పుడు నేనూ నీ మాదిరే గుడ్డ తీసేస్తి. ఇప్పటికీ తలనొప్పి పోల్యా. నువ్వూ పడతావా నా మాదిరి?"

ముప్పయ్యేళ్ల తలనొప్పికి కారణం నేనే అని తేలాక గుడ్డను మళ్లీ ముందుకు లాక్కునేదాన్ని.

పాపకు రెండో నెల నిండుతుండగా అత్త చూడడానికి వచ్చింది. మనవరాలిని ఒళ్లో వేసుకుని, చిటికెలు వేసి, ఊ కొట్టి, నాలుక ఆడించి నానా తంటాలు పడింది. పాప కళ్లు ఆమె ముఖం మీదుగా జారి ఎటో పోయాయి. అత్త చిటికెలు ఆగిపోయాయి.

"వదినా, బిడ్డ మొగం చూడదేంది?"

"చూస్తాదిలే, పసిబిడ్డ గదా" అంది అమ్మ. కానీ ఆ మాట మరీ తొందరగా వచ్చింది. అంటే అమ్మ కూడా గమనించింది. నేనూ గమనించాను. పాలు తాగుతూ పాప నా వైపు కాకుండా తలుపు అంచు వైపు తిరిగి ఉండేది. ఆ అంచును చూస్తోందో, కళ్లు ఊరికే అటు తిరిగాయో తెలిసేది కాదు. ఎత్తుకున్నా, పేరు పెట్టి పిలిచినా, ముఖంలో ముఖం పెట్టినా ఆ కళ్లు నా మీద ఆగేవి కావు. ఎవరితోనూ అనకుండా దాచుకున్న భయాన్ని అత్త అందరి ముందూ తీసి పెట్టింది. నాకు ఏడుపు వచ్చింది, అత్త మీద ఒళ్లు మండేంత కోపమూ వచ్చింది.

రాజంపేటలో పిల్లల డాక్టరమ్మకు చూపించాం. టార్చి వేసి చూసింది. వెలుతురు తెలుస్తోంది అంది. మనిషి ముఖం మీద చూపు నిలవాలి, ఇంకో నెల చూద్దాం, అప్పటికీ నిలవకపోతే పెద్దాసుపత్రికి రాసిస్తాను అంది. లేవబోతుంటే అడిగింది, "మీది మేనరికమా?"

అవునన్నాను. ఆమె తల ఊపి చీటీ మీద ఏదో రాసుకుంది. అంతే. ఆ ఊపిన తల ఇంటిదాకా నాతోనే వచ్చింది.

ఆ రోజు నుంచి మా వాళ్లకు పట్టింది చూడండి రంగుల పిచ్చి. అమ్మేమో నా నల్ల అట్టలే బిడ్డ కళ్లకు తగిలాయంది. అవి గోడ మీద ఉన్నది మజ్జిగ తాగినంత సేపు. అత్తేమో ఈ వెల్ల గోడల తెలుపు కళ్లకు వేడి అంది, చల్లగా పచ్చరంగు కనపడాలంది, కర్నూలు వెళ్లిపోతూ తన చిలకపచ్చ చీర పాప పక్కన కిటికీకి కట్టి వెళ్లింది. దాంతో వచ్చే కాస్త గాలీ ఆగింది. బావేమో కల్లూరు గదిలో పడుకోబెడితే అన్నీ సర్దుకుంటాయన్నాడు, మూడు గోడలకు క్రీము రంగు ఖాయం చేశాడు, నాలుగో గోడ మీద పడ్డాడు. ఒక్కరు కూడా ఆ మాట, మా అందరి మనసులో ఉన్న ఆ ఒక్క మాట, పైకి అనలేదు. దాని చుట్టూ రంగులు పూసుకుంటూ తిరిగారు. మగ్గం మీద నుంచి లేచి వచ్చి నాన్న ఒకసారి పాప ముందు చెయ్యి ఆడించి చూసి, మళ్లీ వెళ్లి కూర్చున్నాడు. ఆ పూట మగ్గం చప్పుడు వినబడలేదు.

తర్వాతి వారంలో ఒక మధ్యాహ్నం. కరెంటు లేదు. అమ్మ వంటింట్లో నాకోసం మిరియాల చారు కాస్తోంది, ఆ ఎండలో. పాప నా ముందు మంచం మీద వెల్లకిలా పడుకుని కాళ్లు ఆడిస్తోంది. చెమట తలగుడ్డలోంచి కారి కంట్లో పడుతోంది. అప్పుడు బావ వీడియో కాల్. ఫోన్ పాప పక్కన దిండుకు ఆనించాను. తెర మీద మనిషి లేడు, గోడ ఉంది. దాని మీద పక్కపక్కనే రెండు పట్టీలు.

"ఎడమది గంధం, కుడిది లేత పసుపు. పెయింటరు నిచ్చెన మీదుండాడు. బిరీన చెప్పు."

"నాకు రెండూ ఒకటే కనపడతాండాయి."

"బాగ చూడు. గంధం కొంచెం ఎరుపు కొడతాది. ఎరుపు కొడితే బిడ్డకు చికాకు వస్తాదేమోనని."

ఎన్నాళ్లుగానో బిగబట్టుకున్న కోపం ఇక ఆగలేదు. "బావా, పాప నా మొగమే చూడల్యా. నీ గోడ చూస్తాదా? ఆ గంధం ఎరుపు కొట్టిందో పసుపు కొట్టిందో దానికి కనపడతాదా? ఎవరికప్పా ఈ రంగులన్నీ?"

గోడ కదిలింది. తెర మీదికి అతని ముఖం వచ్చింది. గడ్డం పెరిగి ఉంది, చెంపకు రంగు అంటుకుని ఉంది.

"నువ్వు ఆడ బిడ్డ దగ్గరుండావు. మా అమ్మేమో దేవుళ్లకు మొక్కుకుంటాంది. నేను ఏం చేయల్ల? కొట్లో కూచుంటే పిచ్చి లేస్తాంది. ఈడికొచ్చి రంగన్నా చూస్తాంటే ఏదో ఒకటి చేస్తాండాననిపిస్తాది. మేనరికం వద్దని మా స్నేహితులు శానా చెప్పినారు. నేనే పట్టుబడితి గదా."

అతని మీద ఎత్తిన కోపం ఎత్తినట్టే ఉండిపోయింది. దింపడానికి చోటు లేదు. గడ్డం కింద ముడి చేతికి తగిలింది. లాగితే రాలేదు, చెమటకు బిగుసుకుపోయింది. రెండు చేతులతో గుంజి గుడ్డ తీసి నేల మీద కొట్టాను. చెవుల్లో దూది తీసి దాని మీద విసిరాను. జుట్టు మొత్తం విడిపోయి ముఖం పక్కల పడింది. కరువు తీరా ఊపిరి పీల్చుకుని, పాప ఉలిక్కిపడిందేమోనని మంచం మీదికి వంగాను.

పాప ఉలిక్కిపడలేదు. కాళ్లాడించడం ఆపింది. నా నుదుటి పైన, జుట్టు మొదలయ్యే చోట, దాని కళ్లు ఆగిపోయాయి.

తలుపు వైపు చూస్తోందేమో అనుకుని తల కొంచెం ఎడమకు జరిపాను. కళ్లు ఎడమకు వచ్చాయి. కుడికి జరిపాను. ఆలస్యంగా, తడబడుతూ, కుడికి వచ్చాయి. నమ్మకం కుదరక రెండు చేతులతో జుట్టును, నుదుటిని కప్పుకున్నాను. చూపు తెగి ఎటో పోయింది. చేతులు తీశాను. వెతుక్కుంటూ మళ్లీ వచ్చింది. ఈసారి జుట్టు దగ్గర నుంచి కిందికి దిగింది, బొట్టు మీద ఒక క్షణం నిలిచి, నా కళ్ల దాకా.

ఆ వయసు వచ్చింది కాబట్టి చూసింది, గుడ్డకూ దానికీ సంబంధం లేదని తర్వాత డాక్టరమ్మ నవ్వింది. నవ్వనీ. తెల్ల గోడల మధ్య, తెల్ల బొంతల మీద పడుకున్న బిడ్డకు నేను రెండు నెలలు తెల్లటి మూటలాగా కనపడ్డాను. ఇంత నల్లటి జుట్టు, ఇంత ఎర్రటి బొట్టు పెట్టుకుని, వాటిని నాన్న పంచె కింద దాచి, దానికి చూపించడానికి అట్టల మీద గీతలు గీశాను. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఎవరి మీద చిరాకు పడాలో తెలియదు.

అమ్మ చారు గిన్నెతో గదిలోకి వచ్చింది. నేల మీద గుడ్డ చూసి నోరు తెరిచింది. అప్పుడు పాపను చూసింది. గిన్నె గూట్లో పెట్టి, చప్పుడు చేయకుండా నా వెనక వచ్చి నిలబడింది. గుడ్డ తీసి నాకు మళ్లీ కడుతుందనుకున్నాను. కట్టలేదు. దాన్ని మడిచి, నా మెడ మీద చెమట తుడిచింది.

ఫోన్లోంచి బావ అడుగుతున్నాడు. "ఏమైంది? ఉండావా? మాట్లాడవేంది?"

నేను పక్కకు తిరిగితే ఆ చూపు మళ్లీ ఎక్కడ జారిపోతుందోనని మెడ పట్టేసినా కదలలేదు. అమ్మే వంగి ఫోన్ తీసుకుని గొంతు తగ్గించి చెప్పింది.

"నాయనా, అరవొద్దు. బిడ్డ వాళ్లమ్మను చూస్తాండాది."

అటు నుంచి నిచ్చెన చప్పుడు ఒకటి వినబడింది. తర్వాత అతని గొంతు, నాతో కాదు, పెయింటరుతో.

"దిగప్పా. రంగు రేపు చూస్తాంలే."